చెవితో పెట్టిన టైమింగు

ఇంజనుకు చెవితో టైమింగు పెట్టేవాళ్లంతా అంచనా మీద బతికిన మొరటు మనుషులని, నాకు బాగా కావలసిన ఒక ఇంజనీరు ఈమధ్య అన్నాడు. భోజనాల దగ్గర కాబట్టి నేను గొంతు పెంచలేదు. కానీ ఆ మాట తప్పు. ఖమ్మంలో ఒక మనిషి చెవితో టైమింగు పెడుతుండగా పదేళ్లకు పైగా పక్కన నిలబడి చూసినవాణ్ణి నేను. చూసినది చూసినట్టు, తేదీ వేసి, రాసి పెట్టుకున్నవాణ్ణి కూడా. ఆ చెవి ఎంత నిక్కచ్చిగా పనిచేసిందో, అది ఆయనను విడిచిపోయాక ఏం జరిగిందో నేను సక్రమంగా చెప్పకపోతే ఆ ఇంజనీరు మాటే నిలిచిపోతుంది.

తెలియనివారి కోసం ముందుగా ఒక సంగతి. పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వ పడవలసిన క్షణం ఒకటి ఉంటుంది. అంతకన్న ముందు పడితే ఇంజను తనను తానే కొట్టుకుంటుంది. ఆలస్యంగా పడితే వేడెక్కుతుంది, బండి ఎత్తు ఎక్కదు. ఆ క్షణాన్ని నిర్ణయించేది డిస్ట్రిబ్యూటరు అనే పిడికెడంత భాగం. దాని మెడ దగ్గరి బోల్టు వదులు చేసి వెంట్రుకవాసి తిప్పితే చాలు, నిప్పురవ్వ ముందుకో వెనక్కో జరుగుతుంది. ఆ ఖమ్మం మనిషిని మేమంతా ఉస్తాదు అనేవాళ్లం. ఆయన పద్ధతి ఇది. నిలబడి ఉన్న బండిలో ఇంజను మోత విని డిస్ట్రిబ్యూటరును ఒక చోట నిలిపేవాడు. తరువాత బండిని ఎత్తైన రోడ్డుకు తీసుకుపోయి, టాప్ గేరులో ఆక్సిలరేటరు నిండా తొక్కించేవాడు. లోపల సన్నగా ‘టిక్ టిక్’మని చప్పుడు వచ్చేదాకా టైమింగును ముందుకు జరిపి, ఆ చప్పుడు మాయమయ్యేంత మాత్రమే వెనక్కి తీసుకుని బిగించేవాడు. అంతే.

ఆయన దుకాణం రైల్వే స్టేషను వెనక సందులో ఉండేది. తాత టాంగాలు బాగుచేశాడు, తండ్రి లారీలు, ఈయన కార్లూ జీపులూ. చదువు లేదు. కొత్తగూడెం నుంచి, మధిర నుంచి, నది అవతల భద్రాచలం నుంచి కూడా బండ్లు ఆయన్ను వెతుక్కుంటూ వచ్చేవి. వచ్చేది ఆ చెవి కోసమే. ఆయన పేరు, దుకాణం, ఇంట్లో వెలిగే పొయ్యి, అన్నీ దాని మీదే నడిచేవి. నేను అప్పుడు కాలేజీలో భౌతికశాస్త్రం ప్రయోగశాల చూసుకునేవాణ్ణి. సాయంత్రాలు స్కూటరు సాకుతో అక్కడ చేరి, టీ తాగుతూ, ఏ బండికి ఏం చేశాడో పుస్తకంలో రాసుకునేవాణ్ణి. సార్ టీ తాగితే ఎన్ని గుటకలు తాగిండో గూడ రాస్తడని ఆయన పదిమందిలో ఎద్దేవా చేసేవాడు. నేను అదీ రాసుకున్నాను.

ఒకసారి మా ప్రిన్సిపాలుగారి కారుకు ఆయన టైమింగు పెట్టాక, నేను ఆయనకు చెప్పకుండా ప్రయోగశాలలోని నియాన్ దీపంతో దాన్ని పరీక్షించాను. ఆ దీపాన్ని, నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు తీగకు తగిలిస్తే రవ్వ పడిన ప్రతిసారీ మెరుస్తుంది. ఆ మెరుపులో, ఇంజను ముందు గిరగిర తిరిగే పుల్లీ చక్రం మీది గీత ఆగిపోయినట్టు కనిపిస్తుంది. ఎక్కడ ఆగిందో చూస్తే టైమింగు ఎంతో తెలిసిపోతుంది. కారు తయారుచేసినవాళ్లు ఎక్కడ ఉండాలన్నారో గీత సరిగ్గా అక్కడే ఉంది. అంచనా మీద బతికిన మొరటు మనిషి సంగతి అదీ. నేను చేసిన ఈ దొంగచూపు కూడా నా పుస్తకంలో ఉంది.

ఇక మా అక్కయ్య కారు. అక్కయ్య డాక్టరు. జాంబియాలో రాగి గనుల ఊళ్లో తొమ్మిదేళ్లు పనిచేసి తిరిగివచ్చి, మధిర దగ్గరి మా ఊళ్లోనే ఉండిపొమ్మని మా వాళ్లంతా అంటున్నా వినకుండా, దుమ్ముగూడేనికీ పర్ణశాలకూ మధ్య రోడ్డు పక్కన ఒక చిన్న దవాఖానా పెట్టింది. చుట్టూ అడవిలో కోయ పల్లెలు. వస్తూ వస్తూ అక్కడ తాను నడిపిన జపాన్ కారును ఓడలో మద్రాసు తెచ్చుకుంది. చూడటానికి మామూలు కారే. బానెట్ ఎత్తితే మాత్రం మనకు తెలిసిన ఇంజను కాదు. అందులో పిస్టన్లు లేవు. కోడిగుడ్డు ఆకారపు గదిలో మూడు మూలల దిమ్మ ఒకటి గుండ్రంగా తిరుగుతుంది. అలాంటి గదులు రెండు, ఒకదాని వెనక ఒకటి. ఒక్కో గదికి రెండేసి ప్లగ్గులు. ఒకటి ముందు అంటించేది, రెండోది దాని వెనకే అంటించేది. ముందు ప్లగ్గులకు ఒక డిస్ట్రిబ్యూటరు, వెనక ప్లగ్గులకు ఇంకొకటి. దానికి తగ్గట్టే పుల్లీ అంచున రెండు గీతలు, ఒకటి పసుపు, ఒకటి ఎరుపు.

కారుతో వచ్చిన చిన్న పుస్తకాన్ని నేను మొదటి వారంలోనే నా పుస్తకంలోకి ఎత్తి రాసుకున్నాను. దాన్ని ఎవరు చదువుతారని ఇంట్లో అందరూ నవ్వారు. రెండో వానాకాలంలో అసలు పుస్తకం చెదలపాలైంది. అప్పుడు ఎవరూ నవ్వలేదు, కానీ నన్ను మెచ్చుకున్నవాళ్లూ లేరు.

రెండేళ్లు ఆ కారు అడవి దారుల్లో చక్కగా తిరిగింది. కాన్పు కష్టమైన తల్లిని భద్రాచలం పెద్దాసుపత్రికి చేర్చాలన్నా, తునికాకు కోతలో పాము కరిచినవాణ్ణి తీసుకురావాలన్నా అదే. ఆ తరువాతి ఎండాకాలంలో స్టార్టు కావడం కష్టమైంది. దగ్గరి పట్నంలో ఒక మెకానిక్కు, ఎవరన్నది అనవసరం, రెండు డిస్ట్రిబ్యూటర్లనూ ఒకేసారి ఊడదీశాడు. ఏది ఎక్కడిదో, ఏది ఎంత తిరిగి ఉందో చూసుకోలేదు. ఇది బొమ్మ కారమ్మా, ఇనుప సామాను కొట్టుకు అమ్మేయండి అని సలహా ఇచ్చి, భాగాలన్నీ ఒక డబ్బాలో పోసి ఇచ్చాడు. విప్పేముందు సుద్దముక్కతో ఒక గీత గీయడానికి ఎంతసేపు పడుతుంది? ఇన్నేళ్ల తరువాత కూడా ఆ డబ్బా తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

ఉస్తాదును అడిగాను. వానలు పడి వాగులు పొంగేలోపు కారు నడవాలని చెప్పాను. ఆయన పనిముట్ల సంచీ సర్దుకుని నాతో భద్రాచలం బస్సెక్కాడు. నేను కాలేజీ రిజిస్టరులో సంతకం చేసి నియాన్ దీపాన్ని తెచ్చుకున్నాను గానీ, ఆయన ముందు దాన్ని బయటికి తీయడం ఆయన చెవిని అవమానించడమే అనిపించి, సంచీలో బట్టల కింద పెట్టేశాను.

అక్కయ్య ఆ ఇంజను ఎలా పనిచేస్తుందో కాగితం మీద బొమ్మ గీసి చూపించింది. ఆయన బొమ్మను అటూ ఇటూ తిప్పి చూశాడు.

“సమోసా గదమ్మా ఇది. గుడ్డుల సమోసా తిరుగుతున్నది.”

“అంతే అన్నా. రెండు సమోసాలు.”

“అయితే చేద్దాం. సమోసా దినాం తింటున్న.”

రెండు రోజులు పట్టింది. ఒక్కో భాగాన్ని కిరసనాయిలులో కడిగి, అరిగిన పాయింట్లను ఆకురాయితో సాపు చేసి, నేను నా పుస్తకంలోంచి చదివి చెబుతుంటే ఏ డిస్ట్రిబ్యూటరు ఎక్కడిదో తేల్చి కూర్చాడు. చదవగా చదవగా ఒక హెచ్చరిక దగ్గర నేను ఆగాను. దిమ్మ మూలల్లో గాలి పోకుండా సన్నటి పట్టీలుంటాయి. టైమింగు ముందుకు జరిగి ఇంజను కొట్టుకుంటే, మామూలు ఇంజనులా అది ఓర్చుకోదు. ఆ పట్టీలు విరుగుతాయి. విరిగితే ఇంజను పోయినట్టే. అవి ఈ దేశంలో దొరకవు. అంటే, ఆ టిక్ టిక్ వచ్చేదాకా జరిపి వెనక్కి తీసుకునే ఆయన పద్ధతి ఇక్కడ ప్రాణాంతకం.

ఇదంతా వివరంగా చెప్పాను. ఆయన కాసేపు బీడీ కాల్చి, కొట్టుకునే ముందు ఇంజను గొంతు కొంచెం బొంగురు పోతుందని, తాను అక్కడే ఆపేస్తానని అన్నాడు. నేను నమ్మాను. ఆ చెవిని నమ్మకపోవడానికి నాకు కారణం లేదు. వెనక ప్లగ్గుల డిస్ట్రిబ్యూటరు తీగ ఊడదీసి, ముందు ప్లగ్గుల డిస్ట్రిబ్యూటరుతోనే నడిపి, దాన్ని సరిచేశాక రెండోది చూద్దామనుకున్నాం.

మూడో రోజు పొద్దున్నే కారు స్టార్టయింది. పర్ణశాల దారిలో, వాగు వంతెన దాటాక మంచి ఎత్తు ఒకటి ఉంది. నేను నడుపుతున్నాను. ఉస్తాదు నా ఎడమ పక్క కూర్చున్నాడు. మొదటిసారి ఎక్కినప్పుడు కారు బరువుగా లాగింది. దిగి కొంచెం తిప్పాడు. రెండోసారి కొంచెం నయం. మళ్లీ తిప్పాడు. మూడోసారి టాప్ గేరులో ఎత్తు సగం ఎక్కేసరికి నాకు వినిపించింది. రేకు డబ్బాలో నాలుగు కందిగింజలు కదిలినట్టు, చాలా సన్నగా. నాకే వినిపించిందంటే ఆయనకు ఇంకెంత గట్టిగా వినిపించి ఉండాలి? ఆపమంటాడని ఒక్క క్షణం ఎదురుచూశాను. ఆయన నిశ్చింతగా, చేయి ఊపుతూ అన్నాడు.

“ఇంక తొక్కుండ్రి సార్. చానా దమ్మున్నది దీంట్ల.”

నేను ఆక్సిలరేటరు మీంచి కాలు తీసేశాను. ఏమైందని ఆయన అడిగితే కాలు జారిందన్నాను. కాగితం మీద ఒక్క అబద్ధం రాయనివాణ్ణి, నోటితో చెప్పేశాను. అయితే ఇంకోసారి పోదాం, ఇంకొంచెం ముందుకు తీసుకుంటా అని ఆయన రెంచి అందుకున్నాడు. అప్పుడు నా అబద్ధం ఎంత దూరం వెళ్తుందో తెలిసొచ్చింది. ఇంకోసారి ఎక్కితే అక్కయ్య కారు మిగలదు. నిజం చెబితే ఈ మనిషికి ఏం మిగులుతుంది? కారును పక్కకు తీసి, ఇప్పచెట్టు నీడలో ఆపాను. ఇంజను కట్టేశాను. చెప్పవలసిన మాట ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక స్టీరింగు పట్టుకుని కూర్చున్నాను.

ఆయనే రెంచిని ఒళ్లో పెట్టుకున్నాడు.

“మీకు ఇనొచ్చింది, నాకు ఇనరాలే. గంతే గద సార్?”

నేను తల ఊపాను.

రెండేళ్లయిందట. మాటలు వినిపిస్తాయి, లారీ మోత వినిపిస్తుంది. సన్నటి చప్పుళ్లు ఒకటొకటే వెళ్లిపోయాయట. మొదట ఇంట్లో కుట్టుమిషను చప్పుడు పలచబడింది. తరువాత టైరులోంచి గాలిపోయే సవ్వడి. ఒకరోజు ఇంజను టిక్ టిక్ కూడా. మరి ఈ రెండేళ్లూ టైమింగు ఎలా పెట్టావని అడిగాను. ఆయన నా వైపు చూడకుండా చెప్పాడు.

“డ్రైవర్ల మొకం చూసి పెడుతున్న సార్. బండి ఎవనిదో వానికి గా చప్పుడు పడదు. మొకం గిట్ల ముడుస్తడు. అప్పుడు వెనక్కి తీస్త. మీ మొకంలనే ఏం కనపడలే.”

నా మొహం ఎప్పుడూ ఒకేలా ఉంటుందని మా ఆవిడ కూడా అంటుంది. ఆ కొట్టుకునే చప్పుడు విన్న క్షణాన కూడా నేను కదలకుండా, ఆయన ఏం చెబుతాడా అని ఎదురుచూస్తూ కూర్చున్నాను. నా వైపు తిరిగి కూర్చున్న ఆ మనిషి, నేను ఎప్పుడు మొహం చిట్లిస్తానా అని ఎదురుచూస్తున్నాడు.

నాకు కోపం వచ్చింది. ఆయన మీద కాదు. ఏడాదిన్నర కిందటి నా పుస్తకంలో ఒక వాక్యం ఉంది. ‘ఉస్తాదు ట్రయలు తీసేటప్పుడు కిటికీలోంచి తల బయటపెట్టడం మానేశారు. డ్రైవరు వైపు తిరిగి కూర్చుంటున్నారు. వయసు కాబోలు.’ నా చేతిరాతే. కళ్లతో చూశాను, సిరాతో రాశాను, అర్థం మాత్రం చేసుకోలేదు. వారానికి నాలుగు రోజులు పక్కనే కూర్చుని టీ తాగిన స్నేహితుడికి ఒక మనిషి వినికిడి పోతున్నదని తెలియకపోతే, ఆ రాతలన్నీ ఎందుకు? డబ్బాలో భాగాలు పోసి ఇచ్చిన ఆ మెకానిక్కును తిట్టినంత తేలికగా నన్ను నేను తిట్టుకోలేకపోయాను.

“చెవులు లేని మిస్త్రీ దుకాణం ముంగల బండి ఎవడు ఆపుతడు సార్?” అన్నాడాయన. కొడుకులిద్దరూ ఈ పని నేర్చుకోలేదనీ, దుకాణం మూస్తే ఇంకో పని కొత్తగా నేర్చుకునే వయసు తనకు లేదనీ చెప్పాడు. డాక్టరమ్మకు చెప్పవద్దని అడిగాడు. చెప్పనన్నాను. తునికాకు కట్టలు నెత్తిన పెట్టుకుని ఆడవాళ్లు వరసగా దాటిపోయారు. వాళ్లు నవ్వుతూ కోయ భాషలో ఏదో అన్నారు. కారు ఆగిపోయిందనే అయి ఉంటుంది.

తరువాత ఆయన తలుపు తీసుకుని దిగుతూ అన్నాడు. “టైమింగ్ చూసే దీపం మీ సంచిల ఉన్నది గద. మొన్న బస్సులనే చూసిన. తియ్యుండ్రి, దాంతోనే పెడదాం.”

నియాన్ దీపం వెలుగు చాలా తక్కువ. ఎండలో దాని మెరుపు కనిపించదు. అందుకని, ఇంజను కొట్టుకోకుండా డిస్ట్రిబ్యూటరును బాగా వెనక్కి తిప్పి, కారును మెల్లగా దవాఖానా ముందుకు తెచ్చాం. ధాన్యం ఆరబోసే పెద్ద నల్ల టార్పాలిన్ ఒకటి తెచ్చి బానెట్ మీదుగా కప్పాం. అక్కయ్య డ్రైవరు సీటులో కూర్చుని ఇంజను నడుపుతుంటే, మిట్టమధ్యాహ్నం నేనూ ఉస్తాదూ ఆ టార్పాలిన్ కింద దూరాం. పెట్రోలు వాసన, చెమట, బీడీ వాసన. ఫ్యాను రెక్కలు దగ్గరే తిరుగుతున్నాయి, చేతులు జాగ్రత్త అని నేను అరిస్తే ఆ మోతలో ఆయనకు వినపడలేదు. చేయి పట్టుకుని వెనక్కి లాగాను. ఆ చీకట్లో ఆయన నా మొహమూ చూడలేడు, నా మాటా వినలేడు. అందుకని ఆయన ముంజేయి పట్టుకున్నాను. ఒకసారి నొక్కితే ముందుకు, రెండుసార్లు నొక్కితే వెనక్కి అని లోపలికి వెళ్లకముందే అనుకున్నాం.

ముందు ప్లగ్గు తీగకు దీపం తగిలించాను. నారింజ రంగు మెరుపులో పుల్లీ కనిపించింది. అంత వేగంగా తిరిగే పుల్లీ మీద పసుపు గీత కదలకుండా నిలబడి ఉంది, ఉండవలసిన చోటికి వేలెడు దూరంలో. ఆయన ముంజేయి నొక్కబోయాను. అప్పటికే ఆయన డిస్ట్రిబ్యూటరును తిప్పుతున్నాడు. గీత మెల్లగా జరుగుతోంది. చీమ నడిచినట్టు జరిగి, ఇంజనుకు బిగించి ఉన్న సూచిక ముల్లు ఎదుటికి వచ్చి ఆగింది. ఆయన బోల్టు బిగించాడు. బిగించేటప్పుడు గీత వెంట్రుకవాసి కదిలితే మళ్లీ వదులు చేసి, ఆ కదలికను లెక్కలోకి తీసుకుని మళ్లీ బిగించాడు. నేను ఆయన చేతిని ఒక్కసారి కూడా నొక్కవలసిన అవసరం రాలేదు. రెండో డిస్ట్రిబ్యూటరుకు తీగ తగిలించి దీపం మారిస్తే, ఎరుపు గీతనూ అంతే ఓపికగా దాని చోటికి తెచ్చాడు. చెవి పోయినా ఆ చేతిలోని నిదానం ఎక్కడికీ పోలేదు.

ఇద్దరం బయటికి వచ్చేసరికి ఎండకు కళ్లు మూతలు పడ్డాయి. అక్కయ్య అదే ఎత్తు మీదికి కారు నడిపింది. నేను వెనక సీటులో కూర్చుని విన్నాను. కందిగింజలు లేవు. పట్టీలు బతికి ఉన్నాయి. కారు బాణంలా ఎక్కింది.

తిరిగివచ్చాక ఆయన చేతులు కడుక్కుని, గుడ్డతో ఒక్కొక్క వేలూ తుడుచుకుని, వరండాలో బల్ల మీద కూర్చున్నాడు. అక్కయ్యకు నేనేమీ చెప్పలేదు. ఆయనే అన్నాడు.

“డాక్టరమ్మా, ఇంజన్ పని అయింది. ఇగ నన్ను చూడుండ్రి.”

అక్కయ్య చెవుల్లోకి లైటు వేసి చూసింది. తన చేతి గడియారం విప్పి ఆయన కుడిచెవి దగ్గర పెట్టింది. తరువాత ఎడమచెవి దగ్గర. ఆయన చాలాసేపు, టైమింగు పెట్టేటప్పటి మొహంతో, కళ్లు మూసుకుని విన్నాడు. విని, ఆమె నొచ్చుకోకుండా మెల్లగా చెప్పాడు.

“ఇది నడుస్తలేదు గదమ్మా.”

అక్కయ్య జాంబియా గనుల్లో ఎంతమంది చెవులు చూసి ఉంటుందో నాకు తెలియదు. గడియారాన్ని ఆయన అరచేతిలో పెట్టి, సెకన్ల ముల్లు చూపించింది. అది తిరుగుతోంది. ఆయన దాన్ని చూస్తూ ఉండిపోయాడు. ఆమె ఆయన ఎదురుగా, పెదవులు కనబడేలా స్టూలు జరుపుకుని కూర్చుంది.

“నలభై ఏళ్లు ఇనుము మీద ఇనుము కొట్టారన్నా. లోపల నరం అరిగింది. అది తిరిగి రాదు. రాదనే చెప్తున్నాను, మందు ఇస్తానని అబద్ధం చెప్పను. ఉన్నదాన్ని కాపాడుకోవాలి. సుత్తి పని చేసేటప్పుడు చెవుల్లో దూది పెట్టుకోవాలి.”

“అవ్” అన్నాడు. ఎవరిని అడుగుతున్నాడో తెలియకుండా, “మరి దుకాణంల ఏమని చెప్పాలె?” అన్నాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పమంది అక్కయ్య. ఆమెకు తేలిక. మొహాలు చూసి బతికిన రెండేళ్లు ఆమెవి కావు.

ఖమ్మం వచ్చాక దీపాన్ని కాలేజీకి తిరిగి ఇచ్చి, రిజిస్టరులో సంతకం చేసి, అలాంటిదే ఇంకొకటి ఆయన కోసం నేనే చేశాను. పాత టార్చిలైటు గొట్టంలో నియాన్ బల్బు అమర్చి, తీగలకు రబ్బరు తొడిగాను. తీసుకుపోయి ఇస్తే దాన్ని అరలో పెట్టి, వారం రోజులు ముట్టుకోలేదు. టైమింగు పని వస్తే రేపు రమ్మని పంపేసేవాడు. నేను రోజూ వెళ్లి, టీ తాగి, ఏమీ అడగకుండా తిరిగివచ్చేవాణ్ణి. ఆ వారం నా పుస్తకంలో ఆయన గురించి ఒక్క ముక్క కూడా లేదు.

ఎనిమిదో రోజు సత్తుపల్లి టాక్సీ కారు ఒకటి వచ్చింది. యజమానే నడుపుకుంటాడు, ఏళ్లుగా వస్తున్న మనిషి. మరో జీపువాడు కూడా అక్కడే ఉన్నాడు. పదండి ఉస్తాద్, ఎత్తు మీదికి పోయి విందాం అని టాక్సీ మనిషి తలుపు తీశాడు. ఉస్తాదు కదలలేదు.

“నాకు టిక్ టిక్ ఇనరాదు. రెండేండ్లయింది. ఇప్పటి సంది దీపం వెట్టి చేస్త. ఇష్టముంటే ఉండుండ్రి, లేకుంటే వేరే దుకాణాలున్నయి.”

ఇంత గట్టిగా ఎందుకన్నాడో నాకు తెలుసు. మెల్లగా అంటే మళ్లీ ఒకసారి చెప్పవలసి వస్తుందని. జీపువాడు మొహం తిప్పుకుని, దీపాలు పట్టుకుని చేసేదానికి ఇంత దూరం ఎందుకు రావాలని గొణుగుతూ బండి తీసుకుని వెళ్లిపోయాడు. పదేళ్లు ఆ చెవి వల్ల లీటర్లకు లీటర్లు పెట్రోలు మిగుల్చుకున్న మనిషి. వాణ్ణి నేను ఈ రోజుకూ క్షమించలేదు, క్షమించే ఉద్దేశమూ లేదు.

టాక్సీ మనిషి బానెట్ మీద చేయి పెట్టి నిలబడ్డాడు. ఉస్తాదు మొహం చూశాడు, నా మొహం చూశాడు. నా మొహంలో అతనికేమీ దొరికి ఉండదు. కాసేపటికి, ఆ దీపంలో ఏం కనబడుతుందని అడిగాడు. ఉస్తాదు అరలోంచి దీపం తీసి, గోనెపట్టాలు రెండు కలిపి కుట్టిన కప్పు ఒకటి బానెట్ మీద పరిచాడు. ఆ వారంలోనే ఇంట్లో కుట్టించుకున్నాడన్నమాట. దాని అంచు ఎత్తి పట్టుకుని టాక్సీ మనిషిని లోపలికి రమ్మని సైగ చేశాడు.

“మీరే చూడుండ్రి.”

అప్పుడు నాకు ఒకటి తోచింది. అన్నేళ్లూ ఆయనకు ఏం వినిపించిందో ఇంకెవరికీ తెలియలేదు. ఆయన చాలన్నాడంటే చాలనుకుని, నమ్మి బిగించుకుని పోయారు. ఇప్పుడు బండి గలవాడే కళ్లారా చూస్తాడు.

ఇద్దరూ గోనెపట్టా కింద దూరారు. నేను లోపల కూర్చుని ఇంజను నడుపుతున్నాను. బయట నాలుగు కాళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. కొంతసేపటికి పట్టా కిందనుంచి టాక్సీ మనిషి గొంతు వినిపించింది. అది తిరుగుతున్నదా, ఆగిందా అని అడుగుతున్నాడు. ఉస్తాదు పలకలేదు. ఇంజను మోతలో, ఆ చీకట్లో ఆయనకు వినపడలేదు. నేను దిగి వెళ్లబోయాను. ఇంతలో ఆ నాలుగు కాళ్లలో రెండు కొంచెం జరిగి మిగతా రెంటి దగ్గరికి చేరాయి. టాక్సీ మనిషి అదే ప్రశ్నను మళ్లీ అడిగాడు. ఈసారి ఆయన చెవి దగ్గరగా, గట్టిగా, ఒక్కొక్క మాటా విడివిడిగా, ఏమాత్రం విసుగు లేకుండా.